మచ్చ రంగు చూసి దెబ్బ తగిలిన తారీఖు చెప్పగలరా?

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి విషయం పోకుండా కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. పెళ్లయి తొమ్మిదేళ్లు. భర్త చెయ్యి చేసుకోవడం ఇదే మొదటిసారి కాదు గానీ ఆసుపత్రి దాకా, కేసు దాకా వెళ్లడం మాత్రం ఇదే మొదలు. అతను ఆఫీసు పని మీద ఒక శుక్రవారం వేరే ఊరు వెళ్లి, మధ్యలో ఒక వారమంతా అక్కడే ఉండి, వెళ్లిన తొమ్మిది రోజులకి ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చాడు. ఆ రాత్రి పది గంటలప్పుడు గొడవైంది. ఎడమ జబ్బ గట్టిగా పట్టుకుని గుద్దాడు. కర్ర ఎత్తితే ఆమె కుడి చెయ్యి అడ్డం పెట్టింది. తోసేసరికి నుదురు ఎడమవైపు గుమ్మానికి కొట్టుకుంది, కింద పడ్డప్పుడు కుడి మోచెయ్యి దోక్కుపోయింది. పడిపోయాక ఎడమ డొక్కలో తన్నాడు.

సోమవారం పొద్దున్న అద్దం ముందు నిలబడి ఫోన్లో ఒక ఫొటో తీసుకుంది. రెండు రోజులు ఎవరికీ చెప్పుకోలేదు. బుధవారం అన్నయ్య వచ్చి చూసి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఉదయం 11 గంటలకి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ పరీక్షించి గాయాల సర్టిఫికెట్ రాశారు.

చిక్కంతా ఆ కాగితంతోనే వచ్చింది. అందులో నాలుగు గాయాలున్నాయి. ఎడమ జబ్బ బయటివైపు పసుపు రంగులో కమిలిన మచ్చ, వయసు 7 నుంచి 10 రోజులు. కుడి ముంజేతికి చిటికెన వేలి వైపు నీలం, ఊదా కలిసిన మచ్చ, వయసు 1 నుంచి 2 రోజులు. కుడి మోచేతి మీద ఎర్ర గోధుమ రంగు పక్కు కట్టిన గాయం, 2 నుంచి 3 రోజులు. ఎడమ కంటి పైరెప్ప నల్లబడింది. కంటి మీద కొట్టలేదని ఆమె చెప్పింది కాబట్టి దాని ఎదురుగా 'బాధితురాలు చెప్పినదానితో సరిపోలేదు' అని రాశారు. డొక్క ఎక్స్-రే బాగానే ఉంది.

భర్త తరఫు లాయరు దీన్నే పట్టుకున్నాడు. ఒకే రాత్రి కొడితే మూడు వయసులెలా వచ్చాయి? వారం నాటి దెబ్బ తగిలినప్పుడు మా మనిషి ఊళ్లోనే లేడు, టికెట్లున్నాయి, హోటల్ బిల్లులున్నాయి అంటున్నాడు. అన్నయ్య కూడా 'నిజంగా ఆ రాత్రే కదా?' అని రెండుసార్లు అడిగాడట. ఆ ప్రశ్నకే ఎక్కువ ఏడ్చానని రాశారామె. 'ఊరెళ్లే ముందే కొట్టాడని చెప్పెయ్, సర్టిఫికెట్‌తో కలుస్తుంది' అని వదిన సలహా. సోమవారం ఫొటోలో నుదుటి మీద బొప్పి, ముంజేతి వాపు ఉన్నాయి గానీ, కంటి రెప్ప మామూలుగా ఉంది, ఎడమ జబ్బ మీద మచ్చే లేదు. 'అది బయటికొస్తే కేసు అయిపోయినట్టే, తీసెయ్' అని మరో దగ్గరి మనిషి సలహా.

దెబ్బలు తగిలి 16 రోజులైంది. పక్కకి తిరిగినా, గట్టిగా ఊపిరి పీల్చినా డొక్కలో ఇంకా పొడుస్తోంది. డాక్టర్‌ని బతిమాలి వయసు మార్పించాలా, తను చెప్పిందే మార్చాలా, ఫొటో తీసేయాలా, లేక కేసే వదిలేసుకోవాలా అన్నది ఆమె ప్రశ్న. 'నా ఒంటి మీది మచ్చలే నన్ను అబద్ధాలకోరుని చేస్తున్నాయా?' అని ముగించారు.

అమ్మా,

ముందు ఆ ఫొటో సంగతి. దాన్ని తీసేయకండి. మీకు కీడు చేస్తుందని మీరు భయపడుతున్న ఆ ఫొటోయే, ఈ మొత్తం వ్యవహారంలో మీకున్న గట్టి ఆధారం కావచ్చు. ఎలాగో చెప్పాలంటే మచ్చ రంగు ఎందుకు మారుతుందో కొంచెం చెప్పాలి.

చర్మం చిట్లకుండా లోపలి సన్నటి రక్తనాళాలు తెగితే ఆ రక్తం చుట్టుపక్కల కొవ్వులోకి, కండలోకి ఇంకుతుంది. మనం కమిలిందనేది దాన్నే. అలా బయటపడ్డ రక్తాన్ని శరీరం నెమ్మదిగా శుభ్రం చేసుకుంటుంది. ఆ పని చేసే కణాలు రక్తాన్ని మింగి హిమోగ్లోబిన్‌ను విడగొడితే ముందు ఆకుపచ్చటి బిలివెర్డిన్, దాని నుంచి పసుపు బిలిరుబిన్ తయారవుతాయి. పచ్చకామెర్లలో కళ్లు పచ్చబడేది కూడా ఈ బిలిరుబిన్ వల్లే. అందులోని ఇనుము హిమోసిడెరిన్‌గా గోధుమ రంగులో మిగులుతుంది. అంటే రంగుల మార్పు నిజమే, దానికో వరస ఉన్నదీ నిజమే. ఏ రంగు ఏ రోజు వస్తుందన్న దగ్గరే తేడా అంతా.

వైద్య విద్యార్థులు బట్టీపట్టే లెక్క ఒకటుంది. మొదట ఎరుపు, కొన్ని గంటల నుంచి మూడో రోజు వరకు నీలం, నాలుగో రోజుకి నల్లటి నీలం లేదా గోధుమ, ఐదారు రోజులకి ఆకుపచ్చ, 7 నుంచి 12 రోజుల్లో పసుపు, రెండు వారాలకి మామూలు చర్మం. పరీక్షలో అడుగుతారు, రాస్తే మార్కులు పడతాయి. అదే విద్యార్థి రెండేళ్ల తర్వాత క్యాజువాలిటీలో కూర్చుంటాడు. బయట పేషెంట్లు వరసలో ఉంటారు, ఎదురుగా అచ్చేసిన ఫారంలో 'గాయం వయసు' అని ఒక గడి ఉంటుంది. ఖాళీగా వదిలేస్తే రేపు కోర్టులో అడుగుతారేమోనని భయం. బట్టీపట్టిన లెక్క తెచ్చి ఆ గడిలో దించేస్తాడు. మీ విషయంలో జరిగింది ఇదేనని నా అనుమానం. పసుపు కనిపించింది, పసుపుకి ఎదురుగా గుర్తున్న అంకె పడింది. మీ డాక్టర్‌లో దురుద్దేశం నాకేమీ కనిపించడం లేదు. పైగా ఆయన రంగు, చోటు, పక్కు సంగతి విడివిడిగా రాశారు. రేపు మీకు పనికొచ్చేవి అవే.

ఇక పరిశోధన ఏం చెబుతోందో చూడండి. ఎప్పుడు తగిలాయో ముందే తెలిసిన మచ్చల ఫొటోలను 1991లో లాంగ్లోయ్, గ్రెషమ్ అనే ఇద్దరు పరిశీలించారు. వాళ్లు తేల్చిన దాంట్లో గట్టిగా నిలబడే మాట ఒక్కటే: మచ్చలో పసుపు కనిపిస్తే అది తగిలి కనీసం 18 గంటలు అయినట్టు. ఎరుపు, నీలం, ఊదా మాత్రం మొదటి గంట నుంచి మచ్చ మాసిపోయేదాకా ఎప్పుడైనా ఉండొచ్చు. పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి చూసిన 2005 నాటి సమీక్ష అయితే ఇంకా నిష్కర్షగా చెప్పింది: ఎదురుగా చూసి గానీ, ఫొటో చూసి గానీ రంగును బట్టి మచ్చ వయసు కచ్చితంగా చెప్పలేం. చూసేవాళ్ల కంటిని బట్టి కూడా తేడా వస్తుంది. మనిషి వయసు పెరిగేకొద్దీ లేత పసుపుని గుర్తుపట్టే శక్తి తగ్గుతుంది. ఒకే మచ్చని ఇద్దరు డాక్టర్లు చూసి, ఒకరు పసుపని ఒకరు కాదని రాయొచ్చు, ఇద్దరూ నిజాయితీగానే రాసి ఉంటారు.

ఇప్పుడు మీ లెక్కకి రండి. ఆదివారం రాత్రి 10 నుంచి బుధవారం ఉదయం 11 వరకు 61 గంటలు. అందులో 18 గంటల గీత సోమవారం సాయంత్రం నాలుగింటికే దాటిపోయింది. అంటే బుధవారం మీ జబ్బ మీద పసుపు కనిపించడానికి వారం రోజులు గడవాల్సిన పని లేదు. ఆదివారం రాత్రి దెబ్బతో అది చక్కగా పొసగుతుంది.

ఇక్కడే ఫొటో పనికొస్తుంది. సర్టిఫికెట్‌లో అంకె నిజమే అనుకుందాం, ఆ మచ్చ బుధవారానికి 7 నుంచి 10 రోజులదే అనుకుందాం. అప్పుడు సోమవారం పొద్దున్నకి దాని వయసు ఎంత? ఐదు నుంచి ఎనిమిది రోజులు. ఐదు రోజుల నాటి మచ్చ అయితే, బుధవారానికి కూడా డాక్టర్ కంటికి స్పష్టంగా ఆనినంత మచ్చ అయితే, సోమవారం ఫొటోలో ఉండి తీరాలి. లేదు. ఎందుకు లేదు? లోపలి పొరల్లో కారిన రక్తం చర్మం పైకి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. దెబ్బ తగిలిన పది గంటలకి తీసిన ఫొటోలో జబ్బ శుభ్రంగా ఉండి, మూడో రోజుకి మచ్చ తేలడంలో వింతేమీ లేదు. ఐదు రోజులు దాక్కుని ఆరేడో రోజున తేలిందంటేనే వింత. టికెట్లు, హోటల్ బిల్లులు దేనిమీద ఆధారపడి నిలబడ్డాయో ఆ '7 నుంచి 10 రోజులు' అన్న అంకెనే మీ ఫొటో ప్రశ్నిస్తోంది.

కాకపోతే ఫొటో విషయంలో నాలుగు జాగ్రత్తలున్నాయి. అద్దంలో తీసిన ఫొటో కదా, కుడి ఎడమలు తారుమారవుతాయి. 'ఇది ఎడమ జబ్బ కాదు, కుడిది' అని అవతలివాళ్లు అంటారు. ఆ చేతి మీద పుట్టుమచ్చో, టీకా మచ్చో, పాత గీతో ఏదైనా ఫొటోలో కనిపిస్తోందేమో వెతికి పెట్టుకోండి. రెండోది, వెలుతురు. పసుపు బల్బు కింద తీస్తే లేత పసుపు మచ్చ ఉన్నా కనపడదు. ఆ మాట ఎవరైనా అడగక ముందే మీ లాయరుకి తెలిసి ఉండాలి. మూడోది, అసలు ఫైలు మీ ఫోన్లోనే ఉండనివ్వండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది, ఎప్పుడు తీసిందీ చెప్పే లోపలి వివరాలు కూడా పోతాయి. ఫోన్ మార్చొద్దు, ఫొటోకి ఫిల్టర్లూ మెరుగులూ వద్దు. ఇంకొకటి, మీరు దాన్ని తీసేశారని తర్వాత బయటపడితే, అందులో ఏముందో ఎవరూ చూడరు, ఎందుకు తీసేశారన్నదే చూస్తారు.

ఒకే రాత్రి తగిలిన రెండు దెబ్బలు ఒకటి పసుపుగా, ఒకటి నీలంగా ఎలా ఉంటాయన్నది లాయరు అడిగిన రెండో ప్రశ్న. ఉంటాయి, మామూలుగానే ఉంటాయి. రంగు మారే వేగం కారిన రక్తం ఎంత, అది ఎంత లోతులో ఉంది, ఆ చోట కండ ఎలాంటిది అన్నవాటి మీద ఆధారపడుతుంది. జబ్బ మీద వేళ్లు నొక్కుకుపోయిన చోట కాస్త రక్తం మెత్తటి కొవ్వులో పల్చగా పరుచుకుంటే త్వరగా కరిగి పసుపు తేలుతుంది. ముంజేతికి చిటికెన వేలి వైపు ఎముక చర్మం కిందే ఉంటుంది. కర్రకీ ఎముకకీ మధ్య నలిగితే రక్తం ఎక్కువ కారుతుంది, అది కరగడానికి రోజులు పడుతుంది. ముదురు ఊదా కింద పసుపు ఉన్నా కంటికి ఆనదు. ఒకే మచ్చలో మధ్యన ఊదా, అంచున పసుపు కనిపించడం క్యాజువాలిటీలో పనిచేసే ఎవరికైనా తెలుసు. అది రెండు వేర్వేరు రోజుల్లో తగిలిన రెండు దెబ్బలని ఎవరూ అనరు గదా! అన్నట్టు, ముంజేతికి ఆ వైపున ఉన్న దెబ్బ గురించి మీ లాయరుతో తప్పక చెప్పండి. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్లకి తగిలే చోటు అది. వయసు గొడవలో పడి ఆ సంగతి అందరూ మర్చిపోయినట్టున్నారు. మీరు ఆస్పిరిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా చూసే మందులేవైనా వాడుతుంటే అదీ చెప్పండి, మచ్చల సైజు వాటి వల్ల మారుతుంది.

కంటి రెప్ప విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజమై ఉండొచ్చు. నుదుటికి దెబ్బ తగిలితే ఆ రక్తం చర్మం కింద నెమ్మదిగా జారి రెప్పలోకి దిగుతుంది. రెప్ప కండ వదులుగా ఉంటుంది కాబట్టి అక్కడ చేరి నల్లగా కనిపిస్తుంది. ఇందుకు ఒకటి రెండు రోజులు పడుతుంది. సోమవారం ఫొటోలో నుదుటి మీద బొప్పి ఉంది, రెప్ప మామూలుగా ఉంది. బుధవారానికి రెప్ప నల్లబడింది. ఇంతకంటే బాగా సరిపోయేది ఏముంటుంది? మచ్చ కనిపించిన చోటే దెబ్బ తగిలి ఉండాలని లేదు. 'సరిపోలేదు' అన్న ఆ ముక్క మీద వివరణ అడగడం న్యాయం. పైగా 'కంటి మీద కొట్టలేదు' అని మీరు ఉన్నదున్నట్టు చెప్పారు చూశారా, లేనిది కల్పించే మనిషి అలా చెప్పదు.

మోచేతి గాయం దగ్గర పేచీ లేదు. ఇలా దోక్కుపోయిన గాయం మొదటి రోజు ఎర్రగా తడిగా ఉండి, 24 గంటలకల్లా ఎండి ఎర్రటి పక్కు కడుతుంది. రెండు మూడు రోజులకి ఎర్ర గోధుమ, నాలుగైదు రోజులకి ముదురు గోధుమ, వారానికి నల్లబడి అంచులు లేస్తాయి, ఆ తర్వాత రాలిపోతుంది. నీళ్లు తగిలినా, చీము పట్టినా ఈ లెక్క మారుతుంది గానీ, కమిలిన మచ్చ రంగుతో పోలిస్తే దీన్ని కాస్త ఎక్కువే నమ్మొచ్చు. మీకు రాసిన '2 నుంచి 3 రోజులు' ఆదివారం రాత్రికి సూటిగా వస్తుంది. నాలుగు గాయాల్లో వయసు విషయంలో ఎక్కువ నమ్మదగినది మీ వైపే ఉందన్నమాట. భర్త తరఫు లాయరు దాన్ని ఎత్తడు, మీవాళ్లే ఎత్తాలి.

ఇంతవరకూ చదివి మీకు ధైర్యం వచ్చి ఉంటే, ఇంకో మాట కూడా వినాలి. ఇదే శాస్త్రం రెండువైపులా కోస్తుంది. రంగును బట్టి వారం నాటిదని చెప్పలేనప్పుడు, అదే రంగును బట్టి ఆదివారం రాత్రిదేనని కూడా ఎవరూ చెప్పలేరు. ఎంత పేరున్న నిపుణుడైనా నిజాయితీగా అనగలిగింది 'ఆదివారం రాత్రి తగిలిందన్న మాటతో ఈ గాయాలు పొసగుతాయి' అని మాత్రమే. గాయాలు నమోదు చేసేవాళ్ల కోసం ఐక్యరాజ్యసమితి తరఫున 1999లో తయారై 2022లో సవరించిన ఇస్తాంబుల్ ప్రోటోకాల్ అని ఒకటుంది. హింసకు గురైనవాళ్ల గాయాల కోసం రాసింది అది. అందులో కూడా డాక్టర్‌ని తారీఖు చెప్పమనరు. బాధితులు చెప్పినదానితో గాయం పొసగదా, పొసగుతుందా, ఎక్కువగా పొసగుతుందా అని మెట్లు మెట్లుగా అభిప్రాయం రాయమంటారు. ఎవరైనా మీ మచ్చ ఫొటో చూసి రోజు, గంటతో సహా చెబుతామంటే నమ్మకండి, డబ్బూ ఇవ్వకండి. చనిపోయినవాళ్ల గాయం నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపులో చూస్తే, ఏ కణాలు చేరాయి, హిమోసిడెరిన్ వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి ఇంకొంచెం దగ్గరగా చెప్పొచ్చు. బతికున్న మనిషి చెయ్యి కోసి చూడరు. పైగా మీ మచ్చలు ఈపాటికి మాసిపోయి ఉంటాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

వదినగారు చెప్పినట్టు మాట మార్చడం ఒకటి. ఆవిడ మీ మేలు కోరే చెప్పి ఉంటారు గానీ లెక్క చూసుకోలేదు. అతను ఊరెళ్లిన శుక్రవారం నుంచి మీ పరీక్ష జరిగిన బుధవారానికి 12 రోజులు. సర్టిఫికెట్ అంటున్నది 7 నుంచి 10. అంటే మార్చి చెప్పినా అది కాగితంతో కలవదు. కలవకపోగా మోచేతి పక్కుతో, ముంజేతి మచ్చతో, ఫొటోతో అన్నిటితోనూ తగాదా వస్తుంది. ఇప్పుడు మీ మాటకీ కాగితంలో ఒక అంకెకీ మాత్రమే తేడా. మాట మారిస్తే మీ మొదటి మాటకీ రెండో మాటకీ తేడా అవుతుంది, దాన్ని సర్దిపెట్టే డాక్టర్ ఎవరూ ఉండరు. తప్పుడు సాక్ష్యం అన్న మాట కూడా వస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లి మార్చమని అడగడం రెండోది. ఇచ్చేసిన సర్టిఫికెట్‌లో ఆయన కొట్టివేసి మరో అంకె రాస్తే, ఆ దిద్దుబాటే రేపు కోర్టులో అసలు విషయమైపోతుంది. ఎవరు వచ్చి కలిశారు, ఏం ఇచ్చారు అని మొదలుపెడతారు. మంచి డాక్టరైతే ఎలాగూ దిద్దరు. అయితే దిద్దడం వేరు, అదనపు అభిప్రాయం ఇవ్వడం వేరు. దర్యాప్తు అధికారి గానీ కోర్టు గానీ రాతపూర్వకంగా అడిగితే, మొదటి కాగితం జోలికి పోకుండా విడిగా వివరణ రాసి ఇవ్వడం మామూలుగా జరిగే పనే. మీరు గానీ అన్నయ్య గానీ నేరుగా వెళ్లి కూర్చోకుండా, ఆ దారిలో అడిగించండి. ఆయన తన అంకెకే కట్టుబడి ఉండొచ్చు, ఆ సంభావ్యతకి సిద్ధపడే అడిగించాలి.

మూడోది, ఫోరెన్సిక్ మెడిసిన్ నిపుణుల నుంచి, అంటే కేసుల్లో గాయాలు పరిశీలించి చెప్పే డాక్టర్ల నుంచి రెండో అభిప్రాయం. మచ్చలు మాసిపోయాయి కదా అనుకోకండి. సర్టిఫికెట్‌లో రాసిన రంగులు, సైజులు, సోమవారం ఫొటో, ఎక్స్-రే ఫిల్ము చాలు వాళ్లకి. వాళ్లు బహుశా 'వయసు కచ్చితంగా చెప్పలేం, ఆదివారం రాత్రి తగిలి ఉండే అవకాశముంది' అంటారు. అది వినగానే నీరుగారిపోకండి, మీకు కావాల్సింది అంతే. కాకపోతే అవతలివాళ్లు కూడా మరో నిపుణుణ్ణి తేవచ్చు, ఖర్చూ కాలయాపనా ఉంటాయి. అందుకని ముందు మీ లాయరుతో మాట్లాడి, అవసరమనుకుంటేనే వెళ్లొచ్చు.

నాలుగోది, ఇప్పుడు ఏమీ కదపకుండా, డాక్టర్ కోర్టుకి వచ్చినప్పుడు ఆయన్నే అడిగించడం. ఇది మెత్తగా పోయే దారి, కానీ అడిగేవాళ్లు చదువుకుని రావాలి. రంగును బట్టి కమిలిన మచ్చ వయసు కచ్చితంగా చెప్పడం సాధ్యమా? పసుపు ఎన్ని గంటల తర్వాత కనిపించొచ్చు? లోపలి దెబ్బ పైకి తేలడానికి ఆలస్యం అవుతుందా? నుదుటి దెబ్బకి రెప్ప నల్లబడుతుందా? చివరికి అసలు ప్రశ్న: ఈ మచ్చ 61 గంటల నాటిది కాదని మీరు చెప్పగలరా? 'అవునని చెప్పగలరా' అని అడిగితే ఆయన చెప్పలేరు. 'కాదని చెప్పగలరా' అన్నా చెప్పలేరు. మీకు కావాల్సిన జవాబు ఈ రెండోది. ప్రశ్న తిరగేసి అడిగితే జవాబు అవతలివాళ్లకి పోతుంది. ఈ దారిలో ఉన్న రిస్క్ ఏమిటంటే, అప్పటిదాకా ఆ అంకె అలాగే ఉంటుంది, మధ్యలో జరిగే ప్రతి వాదనలోనూ మీ మీద వాడతారు.

కేసు వదిలేసుకోవడం కూడా ఒక దారే, దాని గురించి మీకు నీతులు చెప్పను. మళ్లీ ఆ ఇంటికి వెళ్లాలా వద్దా, వెళ్తే మీకు రక్షణ ఏమిటి అన్నవి నా చదువు తేల్చేవి కావు. ఒక్కటి మాత్రం చెప్పగలను. వదిలేస్తే మీ కారణాలకి వదిలేయండి. ఆ గడిలో పడ్డ అంకెకి భయపడి వదిలేసేంత బలం దానికి లేదు. వదిలేసినా సర్టిఫికెట్ రికార్డులో ఉంటుంది. ఇలాంటిదే మళ్లీ జరిగితే 'అప్పుడూ ఇలాగే అబద్ధం చెప్పింది' అనడానికి వాడతారు.

నన్నడిగితే అదనపు అభిప్రాయం అడిగించడం, కోర్టులో ప్రశ్నలకి సిద్ధం కావడం కలిసి నడపొచ్చు. కానీ ఏ కోర్టులో, ఏ దశలో ఏది అడగాలన్నది మీ లాయరు చెప్పాలి, నేను డాక్టర్ని మాత్రమే.

మీ అన్నయ్య అడిగిన దానికి మరీ బాధపడకండి. గవర్నమెంటు స్టాంపు, డాక్టర్ సంతకం ఉన్న కాగితం చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని సోమవారం ఫొటో, సర్టిఫికెట్ రెండూ ఎదురుగా పెట్టి, ఆ ఐదు నుంచి ఎనిమిది రోజుల లెక్క మీరే చెప్పండి. కోర్టులో చెప్పాల్సింది కూడా అదే కాబట్టి మీకు అలవాటవుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, డొక్క నొప్పి ఒక ఎత్తు. 16 రోజులైనా ఊపిరి పీలిస్తే పొడుస్తోందంటే మళ్లీ చూపించుకోవాలి. పక్కటెముకలో సన్నటి పగులు మొదటి రోజుల్లో ఎక్స్-రేలో దొరక్కపోవడం చాలా మామూలు. పెద్దవాళ్లలో రెండు మూడు వారాలకి పగిలిన చోట కాలస్ అనే కొత్త ఎముక కడుతుంది, అప్పుడు కనిపిస్తుంది. ఈ వారంలోనో వచ్చే వారంలోనో మళ్లీ తీయిస్తే తెలిసే అవకాశముంది. మొదటి ఫిల్ములో కాలస్ లేదు, రెండోదాంట్లో ఉంది అంటే, పరీక్ష రోజుకి అది ఎన్నో వారాల పాత విరుగుడు కాదని తేలుతుంది. ఆదివారమా, అంతకుముందు వారమా అన్నంత సన్నటి తేడా మాత్రం అది చెప్పదు, ఆ ఆశ పెట్టుకోకండి. విరుగుడు ఉందని తేలితే గాయం తీవ్రత మారుతుంది, కేసులో దాని లెక్కా మారుతుంది. అందుకని పాత ఫిల్ము జాగ్రత్తగా తీసుకెళ్లి, వీలైతే అదే ఆసుపత్రిలో తీయించండి, కేసు నంబరు చెప్పి రిపోర్టు దర్యాప్తు అధికారికి చేరేలా చూడండి. కేసు సంగతి ఎలా ఉన్నా, ఆయాసం వస్తున్నా, జ్వరంతో దగ్గు పట్టుకున్నా, ఎడమ డొక్క కింద కడుపు నొప్పి పెరిగి కళ్లు తిరుగుతున్నా వారం దాకా ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. తన్నింది ఎడమవైపు, అక్కడ ప్లీహం (స్ప్లీన్) ఉంటుంది. దానికి తగిలిన దెబ్బ కొన్నిసార్లు రోజుల తర్వాత బయటపడుతుంది.